జెండా పెట్టిన చెయ్యి

భవానీపూర్, కోల్‌కతా
15 జూన్ 2025

జూలియాకి,

నాకు ఏడేళ్ళప్పుడు నాన్న నన్ను ఒక్కదాన్నే లిలువా రైల్వే యార్డు దాటనిచ్చేవాడు. అది నా మీద నమ్మకమా, ఆయన అజాగ్రత్తా? ముప్పై ఏడేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఆయన బతికుండగా అడగలేదు.

నీకు అప్పుడు నాలుగేళ్ళు, గుర్తుండదు. అమ్మ క్యారేజీ కట్టి ఇచ్చేది. పట్టాలు దాటి, ఆగి ఉన్న వ్యాగన్ల పక్కనుంచి నాన్న పనిచేసే వర్క్‌షాపు గేటు దాకా నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. రోజూ నా వెనకాల చాలా దూరంలో ఒక మనిషి నడిచేవాడు. చేతిలో ఇనప కడ్డీ. నేను ఆగితే అతనూ ఆగేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే వెళ్ళనివ్వరని. ఆ దారంటే నాకు అంత ఇష్టం, అంత భయం.

ఇది ఉత్తరంగా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోన్లో మనం మూడో మాటకే గొడవలోకి దిగుతాం. నువ్వు నాన్న భూస్థాపనకి రాలేదన్న మాట ప్రతిసారీ నా నోట్లోంచి వచ్చేస్తుంది. కాగితం మీదైతే కొట్టేసుకోవచ్చు.

అసలు సంగతి మా కారుణ్య ఆట గురించి. టాబ్లెట్లో ఇళ్ళు కట్టే ఆట ఒకటుంది, నాన్న చెప్పే ఉంటాడు. మోకాళ్ళు పట్టేశాక ఆయన లిలువా నుంచి ఇక్కడికి రావడం మానేసి ఆ ఆట నేర్చుకున్నాడు. రోజూ నాలుగింటికి ఆయన అక్కడి నుంచి, కారుణ్య ఇక్కడి నుంచి. ఇద్దరూ కలిసి ఒక మేడ కట్టారు. బళ్ళో నోరు తెరవాలంటే నత్తితో నలిగిపోయే పిల్ల తాతతో ఆటలో మాత్రం గలగలా మాట్లాడేది. బెంగాలీ, ఇంగ్లీషు తప్ప చదవడం రాని దానికి ఆయన ఆ మేడ వాకిట్లో బ్లాకులు పేర్చి తెలుగు అక్షరాలు నేర్పాడు. మొదట నేను గంటలు లెక్కపెట్టి పోట్లాడాను. కళ్ళు పోతాయన్నాను. తర్వాత పక్కగదిలో కూర్చుని వాళ్ళ మాటలు వింటూ ఊరుకున్నాను.

ఆటలో కూడా నాన్న ఫిట్టరే. పని సగంలో ఆపితే అక్కడ ఒక కర్ర, దాని మీద ఎర్ర బ్లాకు పెట్టేవాడు. వర్క్‌షాపులో వ్యాగన్ కింద దూరేముందు ఎర్రజెండా పెడతారు కదా. అది ఉండగా ఎవరూ వ్యాగన్ కదపకూడదు. పెట్టినవాడే బయటికొచ్చి తియ్యాలి. కారుణ్యకి ఆ నియమం బడి పాఠాలకంటే బాగా వచ్చు.

ఫిబ్రవరిలో ఆయన పోయిన రోజుకి మేడమెట్ల దగ్గర ఒక జెండా ఉంది. కారుణ్య ఆ మెట్లు ముట్టుకోలేదు. రోజూ తెరిచి, చూసి, మూసేసేది. నాలుగు నెలలు.

పోయిన వారం జెండా లేదు.

"తాత తీశాడమ్మా," అంది. ఒక్కచోట కూడా తడబడకుండా.

నాన్న ఫోను నా బీరువాలో ఉంది. ఛార్జింగు పెట్టి నాలుగు నెలలైంది. ప్రసన్నకుమార్ ఆట తీసేద్దామంటున్నాడు. మా ఆయనకి ఏ సంగతైనా అంత తేలిక. నీకేమైనా తెలుసా?

అక్క

*

పలాస
28 జూన్ 2025

డోర్కాస్ అక్కకి వందనాలు.

ఏటక్కా ఇది. కాలేజీలో అంతమందికి పాఠాలు చెప్తావు, టాబ్లెట్లో ఎర్రబ్లాకు పోయిందని చెల్లికి ఉత్తరం రాస్తావా? ఆటన్నాక ఏవో తప్పులొస్తాయి. కంపెనీవోళ్ళు ఏదో మార్చుంటారు. మా ఆస్పత్రిలో కంప్యూటరు రోజుకోలాగ ఉంటాది.

పిల్లల వార్డులో నేను చూస్తన్నదీ చెప్తాను. ఫోను చేతిలో పెడితేగానీ ముద్ద మింగని పిల్లలున్నారు. లాక్కుంటే గోడకి తల కొట్టుకున్న పిల్లోడిని మొన్ననే చూశాను, ఆరేళ్ళోడు. అలాగని కాలు విరిగి రెండు నెలలు మంచం మీదున్న పిల్ల ఆ ఆటల్లోనే నలుగురు నేస్తాల్ని సంపాదించుకుని నవ్వుతా ఇంటికెళ్ళింది. నేనైతే ఏదీ గట్టిగా చెప్పలేను. డాక్టరు బాబులు చెప్తారు, పక్క మంచం దగ్గరికెళ్ళి ఇంకోలా చెప్తారు.

కారుణ్య ఏటన్నాది ఇంకా? నవ్విందా? మెట్లు కట్టడం మొదలెట్టిందా? మేడ మీద పావురాల గూడు పక్కన నాన్న కుర్చీ ఉంది కదా, అది మాత్రం తియ్యొద్దని చెప్పు. బావగారు చెప్పారని పిల్ల దగ్గర్నుంచి అన్నీ ఒకేసారి లాక్కోకు. దానికి పోయినోళ్ళు చాలు.

భూస్థాపన మాట కొట్టేసుకోవచ్చని రాసి, కొట్టెయ్యకుండానే పంపేవు. చూసుకోలేదా?

జూలియా

*

భవానీపూర్
20 జూలై 2025

జూలియాకి,

చూసుకునే పంపాను.

ఈ ఉత్తరం మంచి కబురు కోసం. మొన్న ఆదివారం సండేస్కూల్లో కారుణ్య అందరి ముందూ నిలబడి తెలుగు కీర్తన మూడు చరణాలు పుస్తకం చూసి చదివింది. బెంగాలీ లిపిలో రాసుకోలేదు. రెండుచోట్ల ఆగింది. రెండుచోట్లా తనే సర్దుకుని ముందుకెళ్ళింది. పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగితే, "తాత," అంది. నేర్పాడు అంటుందో, నేర్పుతున్నాడు అంటుందో అని దాని నోటివైపే చూశాను. అంతకంటే ఏమీ అనలేదు.

ఆటలో వాకిట్లో కొత్త అక్షరాలు వస్తున్నాయి. వారానికి రెండో మూడో. నాన్న ఒత్తుల దాకా వచ్చి ఆగాడు. ఇప్పుడు ఒత్తులు మొదలయ్యాయి. పొద్దున లేని అక్షరం నాలుగింటికి ఉంటోంది. కారుణ్య వాటి చుట్టూ తిరిగి పైకి చదువుతుంది. దాని వెనకాల నిలబడి నేనూ చూస్తాను. ఆపించను.

ప్రసన్నకుమార్‌తో పోయిన నెలే తీసేశానని చెప్పాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయనతో నేను ఆడిన అబద్ధాల్లో ఇది పెద్దది.

నిన్నేమీ అడగదలుచుకోలేదు. ఆరోగ్యం చూసుకో. జీడిపప్పు అందింది.

అక్క

*

భవానీపూర్
31 ఆగస్టు 2025

జూలియా,

ఇరవై మూడో తారీకు శనివారం. నాలుగున్నర. నేను పేపర్లు దిద్దుకుంటున్నాను. లోపల చప్పుడు లేదు. పిల్ల చప్పుడు లేకుండా ఆడుకుంటోందని పావుగంట సంతోషించాను.

తర్వాత చూస్తే గదిలో లేదు.

కింద బిల్డింగ్ గేటు దగ్గర ఉంది. చర్చికి వేసుకునే బూట్లు వేసుకుంది. చేతిలో నీళ్ళ సీసా. కాపలా దర్వాన్ కుర్చీలో లేడు, నీళ్ళ మోటారు వెయ్యడానికి వెళ్ళాడట. గేటు బయట ఒక అడుగు, లోపల ఒక అడుగు పెట్టి రోడ్డు వైపు చూస్తోంది.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"తాత ఫ్రెండు వస్తానన్నాడు. కార్లో. తాత దగ్గరికి తీసుకెళ్తాడట."

పైకి తీసుకొచ్చి ఆటలో మాటలన్నీ చదివాను. తొమ్మిది రోజులుగా ఎవరో ఆ ఇంట్లోకి వస్తున్నారు. ముందు కిటికీలకి పువ్వులు పెట్టాడు. ఇల్లు ఎవరు కట్టారని అడిగాడు. ఇది చెప్పింది, తాత కట్టాడు, తాత ఇప్పటికీ వచ్చి జెండాలు తీస్తాడు, అక్షరాలు పెడతాడు అని. "మీ తాత నాకు స్నేహితుడే," అన్నాడు. ఆ తర్వాత ఏ బడి, బిల్డింగ్ ఏ రంగు, నాలుగింటికి ఇంట్లో ఎవరుంటారు. అన్నిటికీ జవాబు చెప్పింది నా కూతురు. ఒక్క అక్షరం తప్పు లేకుండా.

ఎదురుగా చాయ్ కొట్టు దగ్గర నలుగురు మనుషులున్నారు. ఎవరూ మా వైపు చూడలేదు. ఇప్పుడా దారిన వెళ్ళినప్పుడల్లా ఆ నలుగురి ముఖాలు గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. ఒక్కటీ రాదు. ఏ కారైనా గేటు దగ్గర నెమ్మదించి వెళ్ళిందా? అదీ తెలియదు.

పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. మర్యాదగానే విన్నారు. ఆ మనిషి అకౌంటు మర్నాటికే మాయమైంది. ప్రసన్నకుమార్ నాతో ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "తీసేశానన్నావు." అంతే.

తర్వాత అతనే కూర్చుని ఆట సెట్టింగులన్నీ వెతికాడు. ఆ ఇల్లు నాన్న పేరు మీద ఉంది. వాకిలి తలుపు ఆయన ఎప్పుడూ మూసే ఉంచేవాడు. తనూ, కారుణ్యా తప్ప ఎవరూ రావడానికి లేదు. ఆ తలుపు అందరికీ తెరిచింది నాన్న అకౌంటులోంచే. జూన్ ఆరున. జెండా తీసిన రోజే.

నువ్వు రాయి.

డోర్కాస్

*

పలాస
9 సెప్టెంబరు 2025

అక్కా,

నేనే.

మూడుసార్లు రాసి చింపీసాను. అందుకే ఆలస్యం.

నాన్న పాస్‌వర్డ్ మనిళ్ళల్లో ఎవరికి తెలీదు చెప్పు. జనవరి ఒకటిని చర్చిలో తీసిన వాగ్దానం కార్డు. దాని మీదుండే బైబిలు వాక్యం అధ్యాయమూ, వచనమూ. ఏడాదికోసారి మారుస్తాడు. కార్డేమో గోడకి అంటిస్తాడు, చర్చిలో సాక్ష్యమప్పుడు లేచి నిలబడి చెప్తాడు, మనందరికీ ఫొటో తీసి పంపుతాడు. నేనూ అంతే, నువ్వూ అంతే. మన తాళాలన్నీ ఊరందరికీ చదివి వినిపించినవే.

సెలవు దొరకలేదని చెప్పేను కదా ఫిబ్రవరిలో. దొరికింది. పలాస స్టేషన్లో బల్ల మీద కూకున్నాను, సంచీ ఒళ్ళో పెట్టుకుని. నా రైలు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఆఖరిసారి ఫోన్లో నాన్న "ఒకసారి రామ్మా" అంటే, "నాకేటి ఖాళీయా" అని పెట్టీసినదాన్ని నేను. ఆ ముఖం చూడ్డానికి కాళ్ళు రాలేదు.

జూన్ ఆరో తారీకు మధ్యాహ్నం డ్యూటీ దిగి, కార్డు ఫొటో చూస్తా ఊరికే నా ఫోన్లో ఆ ఆట పెట్టుకుని కొట్టి చూశాను. తెరుచుకుంది. లోపల కారుణ్య మెసేజీలు. వందకి పైనే. రోజుకొకటి. మొదట్లో వంకర తెలుగు, సగం అక్షరాలే. రాన్రాను చక్కగా వచ్చీసింది. అన్నిట్లోనూ ఒకటే. తాతా, జెండా తియ్యి.

పెట్టినోడే తియ్యాలని నాకు తెల్దా అక్కా? నేనూ ఆ ఫిట్టరు కూతుర్నే. చెయ్యి ఆగలేదు. తీసీసాను.

లోపలికెళ్ళినప్పుడు ఇంగ్లీషులో ఏదో పెట్టె వచ్చి ఏదో అడిగింది. సరే అని నొక్కీసాను. దినానికి పదిసార్లు అలాగే నొక్కుతాం కదా. తలుపు తెరుస్తన్నానని తెలీలేదు. తెలీలేదన్నది మాటా? ఆ మనిషి చెప్పిన అబద్ధం పిల్ల నమ్మడానికి ముందు అబద్ధం నాదే.

ఒకటి చెప్పాలి, నమ్మితే నమ్ము. జెండా తీశాను. తర్వాత నాలుగైదుసార్లు వెళ్ళి కుర్చీ దగ్గర నిలబడి వచ్చీసేను. అక్షరాలు నేను పెట్టలేదు. ఒక్కటీ పెట్టలేదు. నువ్వు జూలైలో అది రాసినప్పుడు నాకు అన్నం సయించలేదు. నేను కాకపోతే మరెవరు?

నీ యార్డు మాట కూడా. ఇనప కడ్డీ మనిషి గవరయ్య మావ. పట్టాలు చూసుకునే గాంగ్‌మన్. నాన్నే పెట్టాడు, "పిల్లకి తెలీకూడదు, దాని ధైర్యం దానికుండాలి" అని. నాకు నర్సింగులో చేరినప్పుడు చెప్పాడు. నీకు ఎప్పుడో చెప్పే ఉంటాడనుకున్నాను.

జూలియా

*

భవానీపూర్
2 అక్టోబరు 2025

జూలియాకి,

కోపంగా రాసిన ఉత్తరం ఒకటి నా దగ్గరే ఉంది. పంపను.

పావురాల గూడు సంగతి నేను నీకు ఎప్పుడూ రాయలేదు. అది నాన్న పోయే ముందు వారం కట్టింది. జూన్‌లో నువ్వు దాని పక్కన కుర్చీ అన్నప్పుడే నాకు అర్థమైంది. తెలిసి అడగలేదు. నువ్వే అక్షరాలు నేర్పుతున్నావని, నువ్వు దానితో ఆడుకుంటున్నావని, మనిద్దరి మధ్యా ఫోన్లో జరగనిది అక్కడ జరుగుతోందని అనుకున్నాను. నాకు హాయిగా ఉండింది. తలుపు చూసుకోవాలని తట్టలేదు. నీ తప్పు మధ్యాహ్నం ఒక్క క్షణం. నాది రెండు నెలలు.

అక్షరాలు నువ్వు కాదంటే నమ్ముతున్నాను. నమ్మాక నిద్రపట్టడం లేదు.

టాబ్లెట్ బీరువాలో, నాన్న ఫోను పక్కన ఉంది. కారుణ్య ఏడవలేదు, అడగలేదు. కానీ నత్తి తిరిగొచ్చింది. బళ్ళో వాళ్ళ టీచరు దీదీమొణి పిలిపించి, "ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగింది. దుర్గాపూజ సెలవుల్లో మా వీధి పిల్లలంతా పందిట్లో ఆడుతుంటే ఇది మెట్ల మీద కూర్చుంది. ఎవరైనా పేరు అడిగితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతోంది. గవరయ్య మావని వెనకాల పెట్టి ఆ దారిన పంపిన మన నాన్న ఎక్కడ, తలుపే చూడని నేనెక్కడ?

కొత్త సంవత్సరానికి రా. జెండా ఎవరు తీశారో దానికి నువ్వే చెప్పాలి. నేను చెప్పలేను, నేను పెట్టింది కాదు, తీసిందీ కాదు.

అక్క

*

పలాస
19 అక్టోబరు 2025

అక్కా,

టికెట్ తీసీసాను. ఈసారి బల్ల మీద కూకోను. ఎక్కుతాను.

పిల్ల నా ముఖం చూడకపోతే ఏటి చెయ్యాలో అదొక్కటి రాయి.

జూలియా

*

భవానీపూర్
7 జనవరి 2026

జూలియాకి,

క్షేమంగా చేరావని నీ నోటే విన్నాను. మనం పది నిమిషాలు గొడవ లేకుండా మాట్లాడామని ప్రసన్నకుమార్ ఆశ్చర్యపోయాడు. అయినా ఇది ఫోన్లో చెప్పలేను.

నాన్న సమాధి దగ్గర నువ్వు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "జెండా తీసింది తాత కాదమ్మా, నేను," అన్నప్పుడు అది "ఊ" అని ఊరుకుంది కదా. నీకు అదే శిక్షలా అనిపించిందని తెలుసు. రైలెక్కేదాకా నీ కళ్ళు దాని మీదే ఉన్నాయి.

నువ్వు వెళ్ళిన మర్నాడు జడ వేస్తుంటే అద్దంలోంచి నన్ను చూసి అంది. ఆగి ఆగి, ఒక్కో మాటా తోసుకుంటూ.

"పిన్ని ఆటలోకి వస్తోందని నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"తాత కుర్చీ దగ్గర ఊరికే నిలబడేది. తాత ఊరికే నిలబడడు. ఏదో ఒకటి చేస్తాడు. నీకు ఆట రాదు. ఇంక పిన్నే."

"మరి అక్షరాలు?"

"నేనే. తాత కార్డు మన గోడ మీద పెట్టావు కదా. అదే పాస్‌వర్డ్."

మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేలోపు తాతగా లోపలికెళ్ళి ఒత్తులు పేర్చేదట. నాలుగింటికి కారుణ్యగా వచ్చి చదివేదట. ఎందుకలా చేశావన్నాను.

"అక్షరాలు లేకపోతే పిన్నికి తాత లేడని తెలిసిపోతుంది కదమ్మా."

చేతిలో జడ పాయలు వదిలేశాను. మనం పిల్లని కాపాడుతున్నామనుకున్నాం జూలియా. ఎనిమిదేళ్ళది మనల్ని కాపాడుకుంటూ వచ్చింది. చర్చిలో "తాత" అని పాస్టరమ్మతో అన్నదీ నా ముఖం చూసే అయ్యుంటుంది.

అంతా అయ్యాక, అడగకూడనిది అడిగాను. తాత లేడని తెలిసినదానివి ఆ రోజు గేటు దగ్గరికి ఎందుకు వెళ్ళావు?

రిబ్బను వేలికి చుట్టుకుంది.

"ఒకవేళ," అంది. అంతే.

ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నత్తి రాలేదు. అప్పటినుంచీ ఆ మాట ఇంట్లో నాతో తిరుగుతోంది. గిన్నెలు కడుగుతుంటే వెనకాల నిలబడుతుంది. గేటు దగ్గర ఒక అడుగు బయట పెట్టిన చర్చి బూట్లు కనిపిస్తాయి.

నిన్న దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆట తెరిచాను. ప్రసన్నకుమార్‌కి చెప్పే తెరిచాను. తలుపు మూసి ఉంది, రెండుసార్లు చూశాను. పాస్‌వర్డ్ మార్చాం, ఈసారి ఏ వాక్యమూ కాదు. దుమ్ము పడదు కదా అక్కడ, అన్నీ అలాగే ఉన్నాయి. మేడ, పావురాల గూడు, కుర్చీ. మెట్లు సగంలో ఉన్నాయి. కారుణ్య చివరి ఒత్తు వాకిట్లో ఉంది. దాన్ని పైకి చదివింది. తడబడకుండా చదివింది.

నాకూ ఒక పేరు పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. నాకు నడవడం కూడా రాక గోడలకి గుద్దుకున్నాను. అది నవ్వింది. ఆగస్టు తర్వాత ఆ నవ్వు నిన్ననే విన్నాను. ఆ నవ్వు వింటూనే, గోడ అవతల ఎవరైనా ఉన్నారా అని చూస్తున్నాను.

వచ్చేసేముందు మెట్ల దగ్గర కర్ర పాతి ఎర్ర బ్లాకు పెట్టాను. ఎలా పెట్టాలో అదే చూపించింది.

"నువ్వు పెట్టావు కాబట్టి నువ్వే తియ్యాలి," అంది.

"అవును."

"ఎప్పుడు తీస్తావు?"

చెప్తానన్నాను.

గవరయ్య మావ వెనకాల ఉన్నాడని ముందే తెలిసుంటే నేను యార్డు దాటడం నేర్చుకునేదాన్ని కాదేమో. తెలియక, నన్ను కాపలా కాసిన మనిషికే ఇన్నేళ్ళు భయపడ్డాను. నాన్న చేసింది సరైనదో కాదో నీ ఉత్తరం వచ్చాక కూడా తేల్చుకోలేకపోయాను. టాబ్లెట్ ఇప్పుడు బీరువాలో లేదు. బల్ల మీద, నా పేపర్ల పక్కన ఉంది. నాలుగయ్యేసరికి కారుణ్య వచ్చి దాన్ని చూస్తుంది, తర్వాత నన్ను చూస్తుంది.

ఆ జెండా తియ్యాలో వద్దో నాకు తెలియదు జూలియా.

అక్క